తలుపు మడతలో తెగిన తీగ



నేటి సాయంకాలము నేను చెప్పదలచినది ఒక పాత స్పోర్ట్సు కారు తలుపులో తెగిపోయిన కరెంటు తీగలను బాగుచేసిన సంగతి. ఇది విన్నంతనే, "మా ఊరిలో నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినవి గాని స్పోర్ట్సు కార్లు రాలేదుగదా, ఈ ముచ్చట మాకెందుకు?" అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని పండుగకు పట్నమునుండి వచ్చి మీ వాకిట నిలుచు కొడుకు కారునకును, అల్లుని కారునకును తలుపు లోపలి తీగలు ఇంచుమించు ఈ విధముగనే యుండును. అవి తెగు తీరును ఇదే. పైగా ఈ కథలో మా అక్కగారి ప్రాణము కొంతసేపు ఇరకాటమున పడినది గనుక నేను దీనిని తేలికగా తీసికొనలేకున్నాను.

నేను ముప్పదియేండ్లు పాలిటెక్నిక్కు విద్యార్థులకు విద్యుత్తు పని నేర్పి, ఇప్పుడు ఎల్బీనగరులో విశ్రాంతిగా నున్నాను. సూర్యాపేట, నల్లగొండ ప్రాంతములవారికి ఈ తావును నేను వర్ణింపనక్కరలేదు. విజయవాడ రహదారి వెంబడి పట్నమునకు వచ్చువారు మూటాముల్లెతో దిగునది ఇచ్చటనే. చైతన్యపురి దాటినచో దిల్‌సుఖ్‌నగరు. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు ఎల్బీనగరు వరకు వచ్చిన పిమ్మట పైదారిలో ఈ దూరము కొద్ది నిముషములది. క్రిందిదారిలో ఎంతసేపు పట్టునో ఆ దినపు రద్దీయే చెప్పవలెను.

మా మేనల్లుడు దిల్‌సుఖ్‌నగరులో కాపురమున్నాడు. కంప్యూటరు ఉద్యోగము. చిన్ననాటినుండి వానికి కార్లపిచ్చి. ఒకరిచేత వాడబడిన రెండు తలుపుల విదేశపు కారు నొకదానిని, అప్పటికే పదునైదేండ్లు పైబడినదానిని, కొనితెచ్చినాడు. నేలకు జానెడెత్తున కూర్చుండవలెను. ఎక్కుట యొక యెత్తు, దిగుట రెండెత్తులు. ఇద్దరు పట్టు బండికి అంత ధర యేల యని అడిగినచో వాడు చిరునవ్వు నవ్వును. ఆ నవ్వు నాకు నేటికిని అర్థము కాలేదు.

ఒకనాడు మే నెల మధ్యాహ్నము వాడు తల్లిని, అనగా మా అక్కగారిని, కంటివైద్యునికి చూపించి తీసికొని వచ్చుచు మందుల దుకాణమువద్ద కారు నిలిపినాడు. ఇంజను ఆపి దిగి, అలవాటు చొప్పున తాళపుచెవి మీద మీట నొక్కి రెండు తలుపులకును తాళము వేసి పోయినాడు. అట్టి కార్లు కొన్నింటిలో దొంగల భయమునకై రెండవ గడియ యుండును. అది పడెనా, లోపలివారు పిడి లాగినను తలుపు రాదు. పది నిముషములకు తిరిగివచ్చి మీట నొక్కగా కుడి తలుపు తెరచుకొన్నది. అక్కగారున్న ఎడమ తలుపు కదలలేదు. అద్దమును దిగలేదు. డెబ్బదియేండ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. నడుమ నున్న గేరు కఱ్ఱను దాటి కుడివైపునకు రాలేదు. ఎండలో మూసియుంచిన కారు రొట్టెల పొయ్యి వంటిది గదా! ఆమె చీర చెంగుతో విసరుకొనుచు, "ఏమిరా, ఈ పెట్టెలో నన్ను పెట్టి తాళము వేసిపోతివి?" అని అడిగినదట. వాడు చెమటలు కక్కుచు ఆ మీటను నొక్కుచు, తలుపును భుజముతో త్రోయుచు, మరల నొక్కుచుండగా, ఎన్నవ సారియో టక్కుమని గడియ లేచినది. ఎందువలన లేచినదో వానికి తెలియదు. అప్పుడు నాకును తెలియదు.

మరునాడు ఎల్బీనగరులో ఒక మరమ్మతు దుకాణమునకు పోయినారు. వారు కారును చూచి, "మామూలు బండి కాదు సార్" అని ముందే హెచ్చరించి, అద్దపు మోటారును, తాళపు యంత్రమును రెండును పోయినవనిరి. కొత్తవి తెప్పించుటకు నెలరోజులు. ఖర్చు మావాని నెలజీతములో మంచి భాగము. మావాడు బెదరి మరియొక చోటికి పోగా అక్కడి కుఱ్ఱవాడు తలుపు మడతవద్ద రెండు తీగలను మెలిపెట్టి నల్లని బంకపట్టీ చుట్టి యిచ్చినాడు. అంతయు బాగయినది. మూడు వారములకు మొదటి వాన పడెను. మరల తలుపు మూగవోయెను. "మామయ్యా, మీరొకసారి చూడవలెను" అని వాడు నాయొద్దకు వచ్చినది అప్పుడు.

ఆ రెండవ కుఱ్ఱవాడు రోగమున్న చోటును సరిగనే పట్టినాడు. మందు మాత్రము తప్పు. ఈ రెండు మాటలను విడివిడిగా వివరించెదను.

నిజాము ప్రభువులు తెప్పించిన 1912 నాటి పసుపుపచ్చని రోల్సు రాయిసు కారు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనలో నున్నది. మీలో కొందరు చూచియుందురు. ఆ కాలమున తలుపు కేవలము తలుపే. అద్దమును చేతితో దింపుకొనెడివారు. 1940లో అమెరికాలో ప్యాకర్డు కంపెనీవారు మీట నొక్కిన దిగు అద్దములు గల కార్లను అమ్మకమునకు తెచ్చిరి. క్రమముగా తాళము, అద్దము, ప్రక్కన చూచు దర్పణము, పాట వినిపించు స్పీకరు, దీపము అన్నియు తలుపులోనికి చేరినవి. వీనికన్నింటికి కరెంటు బ్యాటరీనుండి రావలెను. బ్యాటరీ కారు ఒడలిలో నున్నది. తలుపు బందుల మీద వ్రేలాడుచున్నది. కావున ఒడలినుండి తలుపులోనికి ఒక తీగల కట్ట, బందుల ప్రక్కగా, ముడతలుగల రబ్బరు గొట్టములో దూరి పోవును. మీరు కారు ముందు తలుపును బార్లా తెరచి బందులవైపు చూచినచో చేతివ్రేలికంటె లావైన ఆ నల్లని గొట్టము చాల కార్లలో కనబడును. తలుపు తీసినప్పుడు అది చాగును, వేసినప్పుడు మడత పడును. దానితోపాటు లోపలి రాగియు మడత పడును.

బావిలో నీరు చేదిన చేతులకు ఈ రోగము కొత్తది కాదు. చేంతాడు నడుమ తెగదు. గిలకమీద వంగు చోట తెగును, లేదా బొక్కెన కట్టిన ముడివద్ద తెగును. మోసిన బరువుకంటె వంగిన లెక్కయే దానిని తినివేయును. జర్మనీలో గనుల అధికారియైన ఆల్బర్టు అనునతడు 1829 ప్రాంతమున గనులలో బొగ్గుబావుల వంటి గోతులనుండి బరువులెత్తు గొలుసులను మాటిమాటికి లాగించి ఈ సంగతినే పరీక్షించెను. తరువాత ఇనుపతీగలు పేనిన త్రాడును కల్పించెను. పిమ్మట వోలర్ అను రైల్వే ఇంజనీరు ఇరుసులను పరీక్షించి, ఒక్కసారిగా విరుగుటకు చాలని బరువైనను లక్షలసారులు మోపినచో లోహము విరుగునని చూపెను. మీరు ఇనుపతీగను తెంపుటకు పటకారు లేనప్పుడు ఇటునటు వంచుచుందురుగదా. అదియే ఇది, నెమ్మదిగా జరుగునది. దినమునకు పదిమార్లు తలుపు తీసి వేసినచో పదునైదేండ్లకు ఏబదినాలుగువేల పైచిలుకు మడతలు.

స్పోర్ట్సు కారులో ఈ పీడ కొంత హెచ్చు. దానికి రెండే తలుపులు గనుక ఒక్కొక్కటి పొడవు, బరువు. ఏండ్లు గడచిన కొలది బందులు సడలి తలుపు క్రిందికి వాలును, రబ్బరు గొట్టము వంకరగా లాగబడును. మరొక చమత్కారము కూడ కలదు. ఇట్టి కార్లు పెక్కింటిలో అద్దము చుట్టును ఇనుపచట్రము లేదు. పిడి లాగినంతనే అద్దము అంగుళములో కొంత దిగి, పైకప్పు రబ్బరునుండి విడివడి, తలుపు వేసినపిమ్మట మరల ఎక్కును. తీగ తెగినచో ఆ దిగుట జరుగదు. అప్పుడు తలుపును బలముగా వేసినవాడు అద్దమును రబ్బరుకేసి కొట్టుచున్నాడన్నమాట. మావాని కారులో అద్దపు అంచు రబ్బరును అప్పటికే కొంత చీల్చివేసినది.

ఇక ఎండలో ఆ గడియ ఏల లేచినదో చెప్పెదను. తీగలో రాగి పోగులన్నియు తెగినను పైనున్న ప్లాస్టికు తొడుగు తెగకపోవచ్చును. తొడుగులోపల తెగిన కొనలు ఒకప్పుడు తాకును, ఒకప్పుడు ఎడబడును. మావాడు భుజముతో త్రోసినప్పుడు తలుపు వెంట్రుకవాసి కదలి కొనలు తాకినవి. అంతే. ఇందులో విపరీతమేమనగా, తలుపు మూసియున్నప్పుడు ఆ రబ్బరు గొట్టము మన చేతికందదు. రోగమున్న చోటు సరిగ ఆపద వచ్చినవేళనే మనకు దూరమగును.

పరీక్షచేయుటలోను ఒక మోసము కలదు. పనివారు మల్టీమీటరును తీగ రెండు కొనలకు తగిలించెదరు. అది కూసినచో తీగ మంచిదని, కాబట్టి మోటారు చెడ్డదని తీర్పు చెప్పెదరు. మీటరు పంపునది అత్యల్పమైన కరెంటు. తెగిన కొనలు పైపైన తాకుచున్నను, ఒక్క పోగే మిగిలియున్నను దానికి చాలును. అద్దపు మోటారు అట్లు కాదు. నడచునప్పుడు అయిదారు ఆంపియర్లు, అద్దము ఇరుకుపడినచో అంతకు ఎన్నో మడుగులు అడుగును. కాలువకు గండి పడినప్పుడు ఒక చెంబెడు నీరు పారినదని చూచి పొలమంతయు తడియునని చెప్పుట ఎట్టిదో ఆ తీర్పును అట్టిదే. ఆ మొదటి దుకాణమువారు మోసగాండ్రని నేననను. మీటరు కూత విని నమ్మినారు, అంతే.

నేను చేసిన పరీక్ష యిది. ముందుగా కారు బ్యాటరీ మైనసు తీగను విప్పి పావుగంట ఊరకుంటిని. ప్రమాదము జరిగినప్పుడు గాలితో ఉబ్బి మనిషిని కాచు సంచులకు సంబంధించిన తీగలు కొన్ని తలుపులలోనికి కూడ పోవును. వానికి సాధారణముగా పసుపుపచ్చని తొడుగు వేయుదురు. మీటరు గాని బల్బు గాని వానికి తగిలింపరాదు. తగిలించినచో సంచి పేలవచ్చును. అవి చెడినచో ఆ విద్య తెలిసినవారికి వదలవలసినదే. మా అదృష్టవశమున అవి చెక్కుచెదరలేదు. పిమ్మట రబ్బరు గొట్టము అంచులను రెండువైపుల ఊడదీసి వెనుకకు జరిపితిని. తీగలు పందొమ్మిది. ఒక్కొక్కదానిని వ్రేళ్లనడుమ పట్టి మెల్లగా లాగితిని. మంచి తీగ బిగువుగా నుండును. రాగి తెగినది రబ్బరువలె చాగును. ఈ చేతిపరీక్షకు ఖర్చు లేదు, తప్పును తక్కువ. మూడు తీగలు చాగినవి. నాలుగింటి తొడుగులు పగిలి రాగి పచ్చబడియున్నది. మెలిపెట్టిన రెండు తీగల అతుకులు ఆ మూడింటిలోనివే. మిగిలిన లావుతీగలను పాత స్కూటరు బ్యాటరీకిని 55 వాట్ల హెడ్‌లైటు బల్బునకును నడుమ కలిపి చూచితిని. ఆ బల్బు నాలుగు ఆంపియర్లకు పైగా త్రాగును. తీగను వంచుచున్నప్పుడు బల్బు మినుకుమన్నచో ఆ తీగను నమ్మరాదు.

మెలిపెట్టి పట్టీ చుట్టిన అతుకు ఏల నిలువలేదో ఇప్పుడు తేటపడుచున్నది. ఒకటి, అతుకు సరిగ వంగుచోటనే యున్నది. రెండు, మే నెల ఎండకు పట్టీ బంక కరగి ఊడినది, వాననీరు లోనికి దిగినది. "మామయ్యా, మెలి పెట్టినచోటనే మాటు వేసినచో చాలదా?" అని మావాడడిగెను. చాలదు. మాటు, అనగా సోల్డరింగు, కరగి తీగలోనికి ప్రాకి పోగులన్నిటిని ఒక్క కడ్డీగా చేయును. ఆ కడ్డీ వంగదు. దాని ప్రక్కనే వంపంతయు పడి అచట తెగును. చేంతాడు ముడివద్ద తెగుననుకొంటిమిగదా.

కావున మడతలో అతుకుండరాదు. పాతతీగను మడతకు ఇరువైపుల దూరముగా కోసి, నడుమ కొత్తతీగ ముక్కను మూరెడు పొడవున వేసి, ఒక అతుకు కారు ఒడలిలోపల, రెండవది తలుపులోపల పడునట్లు చూడవలెను. మడతలో నుండునది ఏకతీగయే. దీనికై తలుపు లోపలి అట్టను విప్పవలసివచ్చినది. ఆ పనిలో రెండు క్లిప్పులు విరిగినవి. పాతకారులో క్లిప్పు విరుగకుండ అట్ట విప్పినవానిని నేనింకను చూడలేదు.

కొత్తతీగకై ఎల్బీనగరులో మెట్రో ఎక్కి ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగి కోఠీ గుజరాతీ గల్లీకి పోయితిని. కారులో మొదట నున్న లావుతీగలో 0.25 మిల్లీమీటరు పోగులు 30 ఉన్నవి. నేను తెచ్చిన సిలికోను తొడుగు తీగలో 0.08 మిల్లీమీటరు పోగులు 400. పోగు సన్నమైన కొలది వంపునకు ఓర్చును. కొబ్బరి ఈనె వంగినట్లు మట్ట వంగదుగదా. లెక్క చూచినచో కొత్తదానిలో రాగియు కొంత యెక్కువే, కావున మోటారు కోరినంత మోయును. ఆ తీగకు ఒక దోషము కలదు. దాని తొడుగు మెత్తన, ఇనుపరేకు అంచు తగిలినచో చినుగును. అందుచేత రేకు తొలుచుకొని పోవు చోట గుడ్డపట్టీ చుట్టితిని. సన్నతీగలకును అదే జాతి, తగిన లావున తెచ్చితిని.

కోయుట మాత్రము ఒకేసారి చేయలేదు. ఒక తీగ కోయుట, అతుకుట, దానిమీదికి వేడికి ముడుచుకొను గొట్టమును జరిపి కాచుట, తరువాతనే రెండవ తీగ. పదునైదేండ్ల దుమ్ములో గోధుమరంగునకు ఎఱుపునకు భేదము తెలియదు; ఏడింటిని కలిపి కోసినవాడు సాయంకాలమునకు ఏడుచుండును. అతుకులన్నియు ఒక్కచోట ఉబ్బకుండ ఒక్కొక్కటి రెండంగుళములు ఎడముగా పడనిచ్చితిని. మడతలోని భాగమును బిగించి కట్టలేదు; పోగులు ఒకదానిమీద నొకటి జారవలెను. రబ్బరు గొట్టములో దూర్చునప్పుడు పసిపిల్లలకు పూయు పౌడరు చల్లినాము. మావాడు దీనికి ఒక దేశవాళీ పద్ధతియని పేరుపెట్టి నవ్వినాడు గాని, అంతవరకు గంటసేపు దూరని కట్ట అప్పుడు దూరినది.

గొట్టపు అంచులను గాడిలో సరిగ కూర్చుండబెట్టుట చిన్నపని గాదు. అచట సందున్నచో వాననీరు తీగ వెంబడి నడచివచ్చి తీగల జోడింపులలో చేరును. తలుపు అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములుండును. అవి మట్టితో పూడియున్నవి, చీపురుపుల్లతో తీసితిని. లోపల నిలిచిన నీరు గ్లాసెడు వచ్చెను.

నీటి మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు సరూర్‌నగరు చెరువు చుట్టునున్న వీధులు మునిగినవి. మా ప్రక్కవారి కారు అద్దములవరకు నీటిలో నుండెను. నీరు ఎక్కుచున్నప్పుడు కారులో నున్నవారు మొట్టమొదట చేయవలసినది, కరెంటు పనిచేయుచుండగనే అద్దము దింపుట. తలుపును బయటి నీరు త్రోసిపట్టును, తెరచుట కష్టము. ఎడమ అద్దము అప్పుడప్పుడు మొరాయించుచున్నదని తెలిసియు, రేపు చూతమని తిరుగువారు ఈ మాట ఆలోచింపవలెను. పిల్లలను, వృద్ధులను కూర్చుండబెట్టునది తరుచుగా ఆ ఎడమవైపుననే.

మేము బ్యాటరీ కలిపినది సాయంకాలము ఆరు గంటలకు. మోటారు చెడలేదు, తాళపు యంత్రమును చెడలేదు. తీగలకు, గొట్టములకు, విరిగిన క్లిప్పులకు అయిన ఖర్చు వేయి రూపాయలు దాటలేదు. రెండు ఆదివారములు పోయినవి. తలుపును ఏబదిమార్లు తీసి వేసి, ప్రతిసారియు అద్దము దిగి యెక్కుట చూచితిమి. తాళము వేసి, లోపల మావాడు కూర్చుండగా బయటినుండి నేను తీసితిని.

అక్కగారు మాత్రము మా మాట నమ్మలేదు. తానే వచ్చి, బయట నిలుచుండి, మీటను చేత పుచ్చుకొని పదిమార్లు తాళము వేసి తీసి చూచినది. తరువాత కుడి తలుపువైపు తిరిగి, "ఇదియు దానితో పుట్టినదేగదా?" అని అడిగినది. దానికి మేమిద్దరము బదులు చెప్పలేకపోతిమి. కొత్తతీగ రెండు గజములు నాయొద్ద మిగిలియున్నది. వచ్చు ఆదివారము కుడి తలుపు విప్పుచున్నాము.